చెవికి తగిలించుకున్న డబ్బా

ఇది కొన్నేళ్ళ క్రితం మాట. జుమా నమాజు ముగిసి జనం వెళ్ళిపోయాక మసీదు గేటు పక్కన ఒక తల్లి నిలబడి ఉంది. సలాం చెప్పి, కొంగు ముడి విప్పి, అగ్గిపెట్టె కన్నా చిన్నదైన ఎంపీ3 ప్లేయర్ ఒకటి నా చేతిలో పెట్టింది. దాని ఇయర్‌ఫోన్ వైరు తెగి వేలాడుతోంది.

"మౌల్సాబూ, దీన్ని పగలగొట్టేదా వద్దా? రోకలి చేతిలోకి తీసుకున్నా. లోపల ఖుర్ఆన్ ఉంది కదా అని చెయ్యి ఆడలేదు" అంది.

ఆమె భర్త కువైట్‌లో పనిచేస్తాడు. సెలవుకు వచ్చినప్పుడు హిఫ్జ్ చేస్తున్న కొడుకు కోసం ఆ ప్లేయర్ తెచ్చాడు. ముప్ఫై పారాలూ అందులో ఉన్నాయి. ఆయన తిరిగి వెళ్ళిన రెండు నెలలకే ఆ పారాల పక్కన సినిమా పాటలు వచ్చి చేరాయి. ఊళ్ళో ఇరవై రూపాయలిస్తే పాటలు ఎక్కించి ఇచ్చే అంగళ్ళు అప్పట్లో వీధికొకటి ఉండేవి. తల్లి ఎలాగో కనిపెట్టింది. కత్తిపీట మీద వైరు కోసింది. రోకలి దగ్గర ఆగింది.

ఆమె అడిగింది ఒక్క ప్రశ్నే అయినా అందులో మూడు మసలాలు ఉన్నాయి. ఈ వస్తువే హరామా? ఖుర్ఆన్ ఉన్నందువల్ల దానికి ముస్‌హఫ్‌కు ఉన్న గౌరవం వస్తుందా? ఒకరి వస్తువును చెడు పని ఆపడానికి పగలగొట్టవచ్చా? వీటికి జవాబులు చెప్పాను. ఆమె అన్నీ విని, వెళ్ళబోతూ, "అదంతా సరే మౌల్సాబూ, నేను పిలిస్తే పలకడం లేదు వాడు" అంది. ఆ మాటే ఇన్నేళ్ళుగా నా మనసులో ఉండిపోయింది. ఆ మూడు మసలాలూ ముందు చూసి, తరువాత ఆ మాట దగ్గరకు వద్దాం.

వస్తువు సంగతి

జేబులో పెట్టుకునే ఎంపీ3 ప్లేయర్లు 1998లో బజారులోకి వచ్చాయి. 2001 అక్టోబరులో ఆపిల్ కంపెనీ ఐపాడ్‌ను విడుదల చేశాక వాటి పేరు మారుమోగింది. 2022 మేలో ఆ కంపెనీ ఐపాడ్‌కు స్వస్తి చెప్పింది. ఇప్పుడు ఆ పని ఫోనే చేస్తోంది కనుక డబ్బా మారిందే గాని మసలా మారలేదు.

షరీఅత్‌లో ఒక మూలసూత్రం ఉంది: వస్తువుల విషయంలో అసలు అనుమతే, నిషేధం అన్నవాడే ఆధారం చూపాలి. దీనిపై ఫుఖహా ఇంకో సూక్ష్మమైన తేడా కూడా చూపించారు. పాపానికి తప్ప దేనికీ పనికిరాని వస్తువు వేరు. మంచికీ చెడుకూ రెండింటికీ పనికివచ్చేది వేరు. ద్రాక్షరసాన్ని, దానితో మద్యం చేస్తాడని తెలిసినవాడికి అమ్మవచ్చా అన్న చర్చ 'హిదాయా' గ్రంథంలో ఉంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అమ్మవచ్చన్నారు. ఎందుకంటే పాపం రసంలో లేదు, తరువాత అతడు చేసే పనిలో ఉంది. ఆయన శిష్యులిద్దరూ, అంటే ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ), అది మక్రూహ్ అన్నారు.

మన డబ్బా పరిస్థితి ద్రాక్షరసం కన్నా తేలిక. దానికి ఏ స్వరం ఇస్తే ఆ స్వరం వినిపిస్తుంది. కాబట్టి కొనడం, అమ్మడం, ఉంచుకోవడం ధర్మసమ్మతమే. సొంతానికి వాడుకునే దానిపై జకాత్ లేదు. అంగట్లో అమ్మకానికి పెట్టిన సరుకుపై ఉంటుంది.

సెల్‌ఫోన్ అంగళ్ళలో పనిచేసే మన కుర్రాళ్ళు చాలామంది. వారికి ఒక మాట. ప్లేయరో ఫోనో అమ్మడం వేరు, కూలి తీసుకుని సినిమా పాటలు స్వయంగా ఎక్కించి ఇవ్వడం వేరు. మొదటిదానిలో పాపం కొన్నవాడి చేతిలో ఉంది, రెండవదానిలో మీ చేయి కూడా ఉంది. అంతేకాదు, అది ఇతరుల హక్కు కూడా. 1988 డిసెంబరులో కువైట్‌లో జరిగిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ ఐదవ సమావేశం, రచయితల హక్కులు, కొత్తగా కనిపెట్టినవారి హక్కులు షరీఅత్ దృష్టిలో రక్షణ ఉన్న హక్కులేనని, వాటిని అతిక్రమించరాదని తీర్మానించింది. ఖారీ తిలావత్‌ను అమ్ముకోవడానికి దొంగతనంగా కాపీ చేసినా సంగతి ఇదే. "ఖుర్ఆనే కదా" అంటే సరిపోదు.

డబ్బాలో ఉన్న ఖుర్ఆన్

ఈజిప్టు ఖారీ షేఖ్ మహమూద్ ఖలీల్ అల్ హుస్రీ (రహ్మ) 1961లో సంపూర్ణ ఖుర్ఆన్‌ను మురత్తల్ పద్ధతిలో రికార్డు చేశారు. అంతవరకు రికార్డుల మీద అక్కడక్కడి సూరాలే దొరికేవి. ఆ తరువాత పదుల కొద్దీ క్యాసెట్ల పెట్టె వచ్చింది. ఆ పెట్టె ఇంట్లో ఉండటం గొప్పగా ఉండేది. ఇప్పుడు అదంతా గోరంత చిప్పులో ఇమిడిపోతోంది.

ఆ చిప్పుకు ముస్‌హఫ్ హుకుం లేదు. అందులో అక్షరాలు లేవు, స్వరాన్ని గుర్తుపెట్టుకున్న విద్యుత్ గుర్తులు మాత్రమే ఉన్నాయి. కాబట్టి వుజూ లేకుండా తాకవచ్చు. మూత్రశాలకు వెళ్ళేటప్పుడు జేబులో ఉన్నా, ఆపి ఉంటే దోషం లేదు. ఒక హాఫిజ్ గుండెలో ఖుర్ఆన్ ఉంటుంది, ఆయనా వెళ్తాడు కదా! ఇక ఫోను తెర మీద ఆయతులు అక్షరాలుగా కనిపిస్తున్నప్పుడు సంగతి వేరు. కొందరు ఉలమా అప్పుడూ అనుమతిస్తారు, కొందరు ఆ అక్షరాల మీద వుజూ లేకుండా వేలు పెట్టకూడదంటారు. జాగ్రత్త పాటించడం మేలు.

సజ్దా ఆయతు ప్లేయరులో విన్నప్పుడు సజ్దా చేయాలా అని చాలామంది అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు విద్యుత్తు పుట్టక ముందే మన ఫిఖహ్ గ్రంథాలలో ఉందంటే ఆశ్చర్యం కలుగుతుంది. కొండ నుంచి తిరిగి వచ్చే ప్రతిధ్వనిలో సజ్దా ఆయతు వినబడితే? మాటలు నేర్చిన పక్షి పలికితే? హనఫీ ఫుఖహా ఈ రెండింటిలోనూ సజ్దా వాజిబ్ కాదన్నారు. తిలావత్ అనిపించుకోవాలంటే బుద్ధి, వివేకం ఉన్న మనిషి ఆ క్షణంలో చదువుతూ ఉండాలి. రికార్డు కూడా ప్రతిధ్వని లాంటిదే, కాకపోతే ఏళ్ళ తరువాత తిరిగి వస్తుంది. అందుకే మన ఉలమాలో అనేకులు రికార్డు విన్నందువల్ల సజ్దా వాజిబ్ కాదన్నారు. చేస్తే తప్పు లేదు. ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మ) ఇలాంటి కొత్త పరికరాల మసలాల కోసమే ఉర్దూలో 'ఆలాతె జదీదా కె షరయీ అహ్‌కామ్' అనే పుస్తకం రాశారు. ఉర్దూ చదవగలిగినవారు చూడండి. లౌడ్‌స్పీకర్ మీద నమాజు చెల్లుతుందా అని మన పెద్దలు ఎంత మథనపడ్డారో చదివితే, ప్రతి కొత్త వస్తువుకూ హడావుడిగా హుకుం చెప్పేసే మన అలవాటు తగ్గుతుంది.

సజ్దా లేదంటే అదబ్ లేదని కాదు. ఖుర్ఆన్ పారాయణం జరుగుతుంటే మౌనంగా, శ్రద్ధగా వినమని ఆరాఫ్ సూరా 204వ ఆయతులో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఇంట్లో బర్కత్ కోసమని పొద్దున్నే ప్లేయర్ పెట్టి, ఆ పక్కనే పోపు వేసుకుంటూ, పాలవాడితో బేరమాడుతూ, పిల్లల్ని తిట్టుకుంటూ ఉండటం మన ఇళ్ళలో చూస్తున్నాం. వినే తీరిక ఉన్నప్పుడే పెట్టాలి. పని వస్తే ఆపాలి. ఆపడం అగౌరవం కాదు, పెట్టి వినకపోవడమే అగౌరవం.

హిఫ్జ్ చేసే పిల్లలకు ఈ డబ్బా మంచి సాయం. కానీ సాయం మాత్రమే. ఖుర్ఆన్ నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి నడిచివచ్చిన విద్య. డబ్బా వంద సార్లు సరిగ్గా చదివి వినిపిస్తుంది, నీవు తప్పు చదివితే ఒక్కసారి కూడా ఆపదు. నేను హిఫ్జ్ చేసే రోజుల్లో 'దాద్' అక్షరాన్ని నెలల తరబడి తప్పుగా పలికాను. క్యాసెట్టులో వింటూ నేనూ అలాగే పలుకుతున్నాననుకున్నాను. ఉస్తాద్ నా ఎదుట కూర్చుని, నాలుక అంచు ఏ పళ్ళకు తగలాలో తన నోరు తెరిచి చూపించేదాకా అది సరికాలేదు.

వినడం వేరు, చెవిన పడటం వేరు

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒకసారి ప్రయాణంలో గొర్రెల కాపరి పిల్లనగ్రోవి విన్నారు. వెంటనే రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, వాహనాన్ని దారి పక్కకు మళ్ళించారు. వెంట ఉన్న నాఫె (రహ్మ)ను "ఇంకా వినబడుతోందా?" అని అడుగుతూ పోయారు. ఆయన "లేదు" అన్నాకే చేతులు దించి తిరిగి దారికి వచ్చారు. దైవప్రవక్త (స) కూడా ఇలాంటి సందర్భంలో ఇలాగే చేయడం చూశానని చెప్పారు. సుననె అబూ దావూద్‌లో ఈ ఉల్లేఖనం ఉంది. దీనిపై ఇమామ్ అబూ దావూద్ (రహ్మ) స్వయంగా అభ్యంతరం తెలిపినా, ఇతర ముహద్దిసులు కొందరు స్వీకరించారు.

ఈ సంఘటనను మనవారు సాధారణంగా సంగీతం కూడదని చెప్పడానికే వాడతారు. నేను విద్యార్థుల దృష్టికి మరో రెండు విషయాలు తెస్తుంటాను. ఒకటి, ఇబ్నె ఉమర్ (రజి) వెళ్ళి ఆ కాపరి చేతిలోని పిల్లనగ్రోవి లాక్కోలేదు, తన చెవి తాను మూసుకున్నారు. రెండు, నాఫెను చెవులు మూసుకోమనలేదు, పైగా వినబడుతోందా అని అడుగుతూనే ఉన్నారు. దీని నుంచే ఉలమా ఒక తేడా గ్రహించారు: కావాలని వినడం వేరు, అనుకోకుండా చెవిన పడటం వేరు. బస్సులో డ్రైవరు పాటలు పెడితే, పక్కింటి పెళ్ళిలో బ్యాండు మోగితే ప్రయాణికుడిపైనా పొరుగువాడిపైనా పాపం లేదు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాట ఏరుకుని వినేవాడు ఆ మాట అనలేడు. అంతకన్నా పూర్తిగా కావాలని వినడం మరొకటి లేదు.

ఇక సంగీతం హుకుం. నాలుగు మజ్‌హబుల ఉలమాలో అత్యధికులు వాద్యాలతో కూడిన సంగీతాన్ని నిషిద్ధంగానే భావించారు. వ్యభిచారం, పట్టు, మద్యంతో పాటు వాద్యాలను హలాల్ చేసుకునే జనం వస్తారని హెచ్చరించే హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. అందెలూసియాకు చెందిన ఇబ్నె హజ్మ్ (రహ్మ) ఆ హదీసు సనదు తెగిందని వాదించి అనుమతి వైపు వెళ్ళారు. మన కాలంలో 2022లో కన్నుమూసిన డాక్టర్ యూసుఫ్ అల్ ఖర్జావీ కొన్ని షరతులతో అనుమతించారు. ఈ భేదం ఉందని దాచడం ఇల్మ్ కాదు. నా మనసు అత్యధికుల వైపే ఉంది. అయితే పండుగనాడు హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో ఇద్దరు బాలికలు పాడుతుంటే హజ్రత్ అబూ బక్ర్ (రజి) కోపగించారని, వారిని వదిలేయమని, అది పండుగ రోజని దైవప్రవక్త (స) చెప్పారని బుఖారీ, ముస్లింలలోనే ఉంది. మంచి అర్థం ఉన్న పాటను గొంతుతో పాడితే గుమ్మంలోనే అడ్డుకోవలసిన పని లేదు.

నాత్ అని పేరు పెట్టి వెనుక కీబోర్డు వాయించినంత మాత్రాన హుకుం మారదని కూడా చెప్పాలి. ఈమధ్య కొన్ని నాతులలో అల్లాహ్ నామాన్నే డోలు దెబ్బలా వెనుక మోగిస్తున్నారు. అది నాకు సినిమా పాటకన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది.

పిలిస్తే పలకకపోవడం

ఆ తల్లి చివరి మాటకు వద్దాం. "పిలిస్తే పలకడం లేదు."

బనీ ఇస్రాయీల్‌లో జురైజ్ అనే ఆరాధకుడు ఉండేవాడు. తన కుటీరంలో నమాజులో ఉండగా తల్లి వచ్చి పిలిచింది. నమాజా, అమ్మా అని సందిగ్ధంలో పడి నమాజులోనే ఉండిపోయాడు. మళ్ళీ పిలిచింది. మూడోసారీ అంతే. ఆమె మనసు నొచ్చి ఒక శాపనార్థం పెట్టింది, అది ఫలించి ఆయన ఒక పెద్ద నిందలో చిక్కుకున్నాడు. చివరికి అల్లాహ్ ఆయన నిర్దోషిత్వాన్ని నిరూపించాడు. ఇది బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. దీని వెలుగులో ఫుఖహా చెప్పిన మసలా చూడండి: బిడ్డ నఫిల్ నమాజులో ఉన్నాడు, ఆ సంగతి తెలియక తల్లో తండ్రో పిలిచారు. అప్పుడు నమాజు ఆపి పలకాలి. ఫర్జ్ నమాజు మాత్రం, వారు ఆపదలో సాయం కోసం పిలిస్తే తప్ప ఆపకూడదు.

నఫిల్ నమాజే తల్లి పిలుపుకు దారి ఇస్తుంటే, చెవిలో పెట్టుకున్న వైరు ఏపాటి? జురైజ్ కనీసం పిలుపు విన్నాడు, విని తికమకపడ్డాడు. మన పిల్లవాడికి పిలుపే వినబడటం లేదు. చెవిలో మోగేది సినిమా పాట అయినా, సూరా రహ్మాన్ అయినా వంటింట్లోని తల్లికి తేడా లేదు. ఖుర్ఆన్ మాత్రమే వినే పిల్లలకు కూడా ఈ మాట వర్తిస్తుందని నేను గట్టిగా చెబుతాను.

ఎంపీ3 అనే విద్యే ఒక చిత్రమైన సంగతిపై నిలబడి ఉంది. పెద్ద శబ్దం ఉన్నప్పుడు దానికి దగ్గరి చిన్న శబ్దాన్ని మన చెవి పట్టుకోలేదు. జర్మనీ ఇంజనీర్లు ఆ పట్టుకోలేని శబ్దాలను తీసిపారేసి ఫైలును చిన్నది చేశారు. ఇంట్లో జరిగేదీ అదే. తీసివేయబడే చిన్న శబ్దాల్లో నాన్నమ్మ దగ్గు ఉంటుంది, గుమ్మంలో నిలబడినవాడి సలాం ఉంటుంది. సలాంకు జవాబివ్వడం వాజిబ్. వినబడనివాడిపై వాజిబ్ కాదు, నిజమే. కానీ రోజంతా వినబడకుండా చేసుకుని తిరిగేవాడు ఆ రాయితీని కోరడం నాకు నచ్చదు. దారిలో కూర్చునేవారికి దారి హక్కులు చెబుతూ దైవప్రవక్త (స) చూపు దించుకోవడం, ఇతరులకు కష్టం కలిగించకపోవడం, సలాంకు బదులివ్వడం వంటివి లెక్కించారు. చెవులు మూసుకుని రోడ్డు దాటేవాడు వెనుక లారీ హారను వినక తన ప్రాణాన్నీ, డ్రైవరు బతుకునూ ప్రమాదంలో పెడుతున్నాడు.

చెవి కూడా అమానతే. వినికిడి, చూపు, హృదయం అన్నింటి గురించీ ప్రశ్న ఉంటుందని ఇస్రా సూరా 36వ ఆయతు హెచ్చరిస్తోంది. ఏమి విన్నావన్నదే కాదు, ఆ చెవిని ఎలా ఉంచుకున్నావన్నదీ ఆ ప్రశ్నలో ఉందని నా అవగాహన. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు ఒకసారి చనిపోతే మనుషుల్లో మళ్ళీ మొలవవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు 80 డెసిబెళ్ళ శబ్దాన్ని వారానికి 40 గంటలు, పిల్లలు 75 డెసిబెళ్ళ శబ్దాన్ని అంతే సమయం వినవచ్చు. శబ్దం 3 డెసిబెళ్ళు పెరిగిన కొద్దీ ఆ సమయం సగానికి పడిపోతుంది. రాత్రంతా చెవిలో పెట్టుకుని నిద్రపోయే అలవాటు మాన్పించండి.

పగలగొట్టడం గురించి

మరుసటి వారం ఆ పిల్లవాడే వచ్చాడు. పదహారేళ్ళుంటాయి. తల వంచుకుని కూర్చున్నాడు. కాసేపటికి, "హజ్రత్, మా అమ్మ వైరు కోసేసింది. ఆ నష్టం ఎవరు కట్టాలి?" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది గాని, మసలా సరైనదే.

'హిదాయా'లోనే ఈ చర్చ ఉంది. ఒక ముస్లిం వాద్యాన్ని ఎవరైనా విరగగొడితే, ఆ వస్తువుకు వేరే ఉపయోగం కింద ఉన్న విలువ కట్టాలని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అన్నారు. శిష్యులిద్దరూ అక్కరలేదన్నారు, ఫత్వా వారి మాట మీదే ఉంది. కానీ మన డబ్బా వాద్యం కాదు, ఇయర్‌ఫోన్ అసలే కాదు. దాన్ని పాడుచేయడం సొమ్ము వృథా చేయడమే. సొమ్ము వృథా చేయడం అల్లాహ్‌కు ఇష్టం లేదని బుఖారీ, ముస్లిం హదీసులో ఉంది. పాటలు చెరిపేస్తే పోయేదానికి రోకలి ఎందుకు? "తండ్రి నీకిచ్చాడు కనుక అది నీ సొత్తు, హక్కు నీదే. అరవై రూపాయలు. అమ్మను అడుగుతావా?" అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

నా ఎదుటే ఒక్కొక్కటీ చెరిపాడు. చివరికి ఒక ఫైలు దగ్గర ఆగి, "ఇది ఉంచుకోవచ్చా?" అని అడిగాడు. ఆ ప్లేయరులో గొంతు రికార్డు చేసే బటన్ ఉంది. విమానం ఎక్కే ముందు రాత్రి తండ్రి యాసీన్ సూరా చదివి అందులో పెట్టి వెళ్ళాడట. ఇంట్లో ఎవరికీ తెలియదు. రాత్రుళ్ళు దుప్పటి ముసుగులో ముందు అది వింటాడట, పాటలు తరువాత.

"మీ అమ్మకు వినిపించావా?" అన్నాను.

"లేదు హజ్రత్. దీనికి స్పీకరు లేదు. వైరు తెగిపోయింది."

కొన్ని వారాల తరువాత జుమా రోజున ఆమె మళ్ళీ గేటు దగ్గర కనిపించింది. ఈసారి చేతిలో ఏమీ లేదు. "మౌల్సాబూ, వాళ్ళ నాయన అంత బాగా చదవడు. అక్షరాలు కొన్ని తప్పు పోతాయి. అయినా వింటే సవాబు ఉంటుందా?" అని అడిగింది. శ్రద్ధగా వింటే ఉంటుందమ్మా అన్నాను. తప్పుపోయే అక్షరాలు ఏవో కొడుకును రాసుకోమని, ఈసారి ఆయన సెలవుకు వచ్చినప్పుడు మసీదుకు పంపమని చెప్పాను.